కాఫీ మానక్కర్లేదు: పంటి రంగు ఫిల్లింగుకి మరక పట్టకుండా చూసుకోవడం ఇలా

మూడేళ్ల క్రితం నా పై ముందు పన్ను మూల కొంచెం విరిగితే పంటి రంగులోనే ఫిల్లింగు వేయించుకున్నాను. పొద్దున్న వైజాగ్ మద్దిలపాలెం జంక్షన్ దగ్గర ఒక టీ, ఆఫీసులో రెండు కాఫీలు, సాయంత్రం బీచ్ రోడ్డులో నడక అయ్యాక నిమ్మ సోడా, ఆ వెంటనే ఇంకో టీ, ఇదీ అప్పట్లో నా రోజు. ఏడాది తిరగకుండానే పన్నూ ఫిల్లింగూ కలిసే చోట పెన్సిలుతో గీసినట్టు సన్నగా గోధుమరంగు గీత కనపడింది. ఫిల్లింగు కూడా పక్క పన్ను కంటే పసుపుగా తేలింది. ఫొటోల్లో నోరు మూసుకుని నవ్వడం అలవాటైపోయింది. మొత్తం తీసి మళ్లీ వేయించుకోవాలేమోనని టెన్షన్ పడుతూ వెళ్తే, ఈసారి చూసిన డాక్టరు గారు అద్దం చేతికిచ్చి, "ఇది పుచ్చు కాదండీ, మరకే. తీయక్కర్లేదు, పాలిష్ చేస్తే చాలు" అని పావుగంటలో పని ముగించారు. ఆవిడని అడిగి తెలుసుకున్నవి, ఆ తర్వాత చదివి తెలుసుకున్నవి, రెండేళ్లుగా నేను పాటిస్తున్నవి ఇక్కడ రాస్తున్నాను.

ముందే ఒక మాట. ఏం తాగుతున్నాం అన్నదానికంటే, తాగింది నోట్లో ఎంతసేపు ఉంటోంది, ఫిల్లింగు పైభాగం ఎంత నున్నగా ఉంది, ఈ రెండే ఎక్కువ తేడా చూపిస్తాయి. ఇది తెలియక చాలామంది ఇష్టమైన కాఫీ మానేసి బాధపడతారు, లేదా ఏమీ మానకుండా ఏడాదికోసారి ఫిల్లింగు మార్పిస్తారు.

అసలు రంగు ఎలా పడుతుంది

పంటి రంగు ఫిల్లింగుని డెంటిస్టులు కాంపోజిట్ అంటారు. అందులో ఉండేవి ముఖ్యంగా రెండు: ఒకటి ప్లాస్టిక్ లాంటి రెసిన్, రెండోది దాంట్లో కలిపిన చాలా సన్నటి గాజు, సిలికా రేణువులు. గాజు రేణువులకి రంగు పట్టదు. పట్టేదంతా రెసిన్‌కే. ఈ రెసిన్ నోట్లోని తడిని కొద్దికొద్దిగా పీల్చుకుంటుంది, ఆ తడితో పాటు కాఫీలో, టీలో ఉండే రంగు కూడా లోపలికి పోతుంది. కొత్త ప్లాస్టిక్ డబ్బాలో రెండు మూడు సార్లు పప్పుచారు పోసి చూడండి, ఎంత తోమినా ఆ పసుపు పోదు, స్టీలు గిన్నెకేమో ఏమీ కాదు. అలాంటి తేడానే ఇక్కడా.

రెండో దారి అంచు. కాంపోజిట్‌ని నీలం లైటు పెట్టి గట్టిపరుస్తారు కదా, అలా గట్టిపడేటప్పుడు అది రెండు మూడు శాతం దాకా కుంచించుకుంటుంది. పంటికి సరిగ్గా అతుక్కోకపోయినా, ఏళ్ల తరబడి నమిలి నమిలి ఆ అతుకు వదులైనా, అంచులో వెంట్రుకవాసి సందు ఏర్పడుతుంది. ఆ సందులో చేరిన టీయే నాకు కనపడిన ఆ గీత.

ఇంకోటి కూడా ఉంది, పేషెంట్లకి సాధారణంగా ఎవరూ చెప్పనిది. లైటు పెట్టినప్పుడు గాలి తగిలే పైపొర పూర్తిగా గట్టిపడదు, ఎందుకంటే గాలిలోని ఆక్సిజన్ ఆ రసాయన చర్యకి అడ్డం పడుతుంది. కాబట్టి ఆ మెత్తటి పొరని పాలిష్ చేసి తీసేయాలి. కొందరు ప్లాస్టిక్ పట్టీ అదిమి పెట్టి లైటు పెడతారు, అప్పుడు పైభాగం అద్దంలా మెరుస్తుంది కానీ ఆ పైపొరలో రెసిన్ ఎక్కువ, గాజు తక్కువ, అందుకే అదీ త్వరగా రంగు పీలుస్తుంది. అంటే చూడ్డానికి మెరిసినా పాలిషింగు మాత్రం జరగాల్సిందే. నాకు మొదటిసారి వేసినప్పుడు లైటు ఆపగానే "అయిపోయింది, లేవండి" అన్నారు. పాలిష్ గురించి అడగాలని నాకప్పుడు తెలియదు. మీరు అడగండి. "ఫినిషింగ్, పాలిషింగ్ ఇవాళే చేస్తారా, ఇంకోసారి రమ్మంటారా?" అని ఒక్క మాట చాలు.

మొదటి రెండు రోజులు

లైటు పెట్టగానే ఫిల్లింగు రాయిలా గట్టిపడినట్టే అనిపిస్తుంది, మత్తు దిగాక అన్నం తినొచ్చు కూడా. కానీ లోపల గట్టిపడే పని ఇంకో 24 గంటల దాకా నెమ్మదిగా సాగుతూనే ఉంటుంది, తడిని ఎక్కువగా పీల్చుకునేది కూడా ఆ మొదటి రోజుల్లోనే. అందుకని 48 గంటల పాటు తెల్ల పంచె మీద ఒలికితే ఉతికినా వదలనిది ఏదీ నోట్లోకి పోనివ్వకండి. కాఫీ, టీ, పసుపు పాలు, చారు, గ్రేప్ జ్యూస్, బీట్‌రూట్ జ్యూస్, రోజ్ మిల్క్, కోలా అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. మన ఇళ్లలో కష్టం కాఫీతో కాదు, పసుపుతో. పసుపు రంగు నీళ్లలో పెద్దగా కరగదు కానీ నూనెలో బాగా కరుగుతుంది, కాబట్టి తాలింపు వేసిన పప్పులు, పులుసుల్లో అది పని బాగా చేస్తుంది. ఆ రెండు రోజులూ పెరుగన్నం, ఇడ్లీ, తాలింపు లేని కొబ్బరి చట్నీ, కొబ్బరి నీళ్లు, మజ్జిగ, పాలు, మంచినీళ్లు. వైజాగ్‌లో కొబ్బరి బోండాం దొరకని రోడ్డు లేదు, ఇబ్బంది ఉండదు. మరీ కాఫీ లేకపోతే తలనొప్పి వచ్చేవాళ్లు ఫిల్లింగు శుక్రవారం సాయంత్రం పెట్టుకుంటే శని, ఆదివారాలు ఇంట్లో గడిచిపోతాయి.

ఇక్కడ ఇంకో విషయం చెప్పాలి, దీనివల్ల అనవసరంగా గొడవ పడినవాళ్లు నాకు తెలుసు. ఫిల్లింగు వేసేటప్పుడు అరగంట నోరు తెరిచి ఉంచి గాలి కొడుతూ ఉంటారు కాబట్టి పన్ను ఆరిపోయి మామూలు కంటే తెల్లగా కనపడుతుంది. అప్పుడు అద్దంలో చూసుకుంటే ఫిల్లింగు పక్కనున్న పన్ను కంటే ముదురుగా ఉన్నట్టుంటుంది, రంగు కలవలేదని కంగారు వస్తుంది. లాలాజలంతో పన్ను మళ్లీ తడిసి అసలు రంగుకి రావడానికి ఒక రోజు పట్టొచ్చు. మర్నాడు పగటి వెలుతురులో చూసుకున్నాకే ఫోన్ చేయండి.

పిల్లల పళ్లకీ, చిగురు దగ్గరి గుంటలకీ కొన్నిసార్లు గ్లాస్ అయోనోమర్ అనే తెల్ల సిమెంటు వేస్తారు. అదీ చూడ్డానికి పంటి రంగే, కానీ కాంపోజిట్ అంత నున్నగా ఉండదు, అరుగుతుంది, మరక కూడా త్వరగా పడుతుంది. మీకు వేసింది ఏదో అడిగి ఫోన్లో రాసుకోండి, తర్వాత ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు పనికొస్తుంది.

రోజూ తాగేవాటితో ఎలా

కాఫీ మరక అన్నింటికంటే మొండిది. కాఫీలోని పసుపు, గోధుమ రంగులు రెసిన్‌కి ఇష్టంగా అతుక్కుని లోపలికి కూడా దిగుతాయి, టీ మరక ఎక్కువగా పైనే ఉండిపోయి తోమితే కొంత వదులుతుంది. ప్రయోగశాలల్లో కాంపోజిట్ బిళ్లల్ని కాఫీలో నానబెట్టి రంగు ఎంత మారిందో యంత్రంతో కొలుస్తారు. 24 గంటలు నానబెడితే దాదాపు నెల రోజులు కాఫీ తాగినట్టు అని వాళ్లు వేసుకునే లెక్క. ఈ లెక్క విన్నప్పుడే నాకు నా తప్పు అర్థమైంది. ఆఫీసులో నేను ఒక్కో కాఫీని కంప్యూటర్ పక్కన పెట్టుకుని నలభై నిమిషాలు గుటక గుటకగా తాగేవాణ్ణి. రెండు కాఫీలంటే రోజుకి ఎనభై నిమిషాలు పన్ను కాఫీలో నానుతున్నట్టే. అదే కాఫీ అయిదు నిమిషాల్లో తాగేస్తే పది నిమిషాలు. కప్పులు తగ్గలేదు, నానే సమయం ఎనిమిదో వంతు అయింది. మన అరకు కాఫీకి 2019లో జీఐ (ఫలానా ప్రాంతపు ప్రత్యేక పంట అనే భౌగోళిక) గుర్తింపు వచ్చింది, అంత మంచి గింజ మన కొండల్లో పండుతుంటే తాగొద్దని నేను చెప్పను. వేడిగా, రుచిగా, కూర్చుని, ఒక్కసారిగా తాగండి. డెస్క్ మీద కప్పు పెట్టుకుని గంట సాగదీయకండి.

టీలో మరక పెట్టేది టానిన్. నోటికి వగరు అనిపించేదంతా దాని పనే. జీడిమామిడి పండు కొరికితే నోరంతా పట్టేసినట్టవుతుంది చూశారా, అదే. ఏ తాగేదైనా వగరుగా ఉందంటే పంటికి రంగు పట్టే అవకాశం ఉందని గుర్తు పెట్టుకుంటే సగం జాబితా కంఠస్థం చేయక్కర్లేదు. బ్లాక్ టీ, లెమన్ టీ, నేరేడు జ్యూస్, దానిమ్మ రసం ఈ లెక్కలోకే వస్తాయి. గ్రీన్ టీ మరక తక్కువే కానీ అసలు లేకుండా పోదు. పాలు పోసి మరిగించిన టీ ఈ విషయంలో నయం, పాలలోని కేసీన్ అనే ప్రోటీన్ టానిన్‌ని పట్టి ఉంచుతుంది. ఆరోగ్యం కోసం లెమన్ టీకి మారిన మా ఆఫీసు వాళ్లకి నేను చెప్పేది ఇదే, అందులో పాలూ లేవు, పైగా పులుపు కూడా ఉంది.

పులుపు సంగతి వేరే. నిమ్మ సోడాకి రంగు లేదు కదా అని నేను ధీమాగా ఉండేవాణ్ణి. పులుపుని కొలిచే అంకె పీహెచ్, అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. మంచినీళ్ల పీహెచ్ 7 అయితే కోలా పీహెచ్ 2.5 దగ్గర ఉంటుంది, నిమ్మరసం కూడా దాదాపు అంత పుల్లటిదే, 5.5 కంటే కిందికి పోతే పంటి పైన ఉండే ఎనామిల్ మెత్తబడటం మొదలవుతుంది. కోలా రంగు చూసి భయపడతాం కానీ అది కాఫీ అంత మరక పెట్టదు. అది చేసే నష్టం పైభాగాన్ని గరుకు చేయడం. గరుకైన చోట తర్వాత తాగిన టీ కూర్చుంటుంది. సోడా తాగి వెంటనే టీ తాగే నా బీచ్ రోడ్డు అలవాటు అందుకే అన్నింటికంటే చెడ్డది. ఇప్పుడు సోడా తాగిన రోజు టీ మానేస్తాను, లేదా ముందు టీ, మధ్యలో మంచినీళ్లు, ఇంటికి బయల్దేరే ముందు సోడా.

స్ట్రా గురించి అందరూ చెప్తారు. చల్లటి వాటికి మంచిదే, కానీ స్ట్రా కొన ముందు పళ్ల వెనక ఉండాలి, పెదాల దగ్గర పెట్టుకుని పీలిస్తే ఏ లాభమూ లేదు. వెనక దవడ పళ్లకి ఫిల్లింగు ఉన్నవాళ్లకి స్ట్రాతో పని లేదు. వేడి కాఫీని స్ట్రాతో తాగకండి, గొంతు కాలుతుంది.

ఒక్కటే అలవాటు చేసుకోగలను అనేవాళ్లకి నేను చెప్పేది ఇది: ఏది తాగినా వెంటనే ఒక గుక్కెడు మంచినీళ్లు నోట్లో పోసుకుని పది పదిహేను సెకన్లు అటూ ఇటూ తిప్పి మింగేయండి. టీ బండి దగ్గర నీళ్ల క్యాను ఎలాగూ ఉంటుంది, సీసా చేతిలో ఉంటే ఇంకా మంచిది. ఉమ్మాల్సిన పని కూడా లేదు. తాగగానే బ్రష్ చేయాలన్న ఆలోచన వద్దు, ముఖ్యంగా పుల్లటివి తాగాక, మెత్తబడిన ఎనామిల్ మీద బ్రష్ ఆడిస్తే అది అరిగిపోతుంది. కనీసం అరగంట ఆగండి.

మందు తాగేవాళ్లకి ఒక మాట. ఆల్కహాల్ రెసిన్‌ని మెత్తబరుస్తుంది, రెడ్ వైన్‌లో ఆల్కహాలూ, పులుపూ, టానినూ, రంగూ నాలుగూ ఉన్నాయి కాబట్టి మరకల్లో అది కాఫీతో పోటీ పడుతుంది. టీ బండి దగ్గర టీతో పాటు సిగరెట్ కాల్చేవాళ్లకి పొగలోని జిగురు తారు, టీ రంగు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి, ఆ మరకని నీళ్లు కడగలేవు. పాన్, గుట్కా అయితే ఇక ఫిల్లింగు రంగు అనేది ఆ నోటికి చిన్న సమస్య.

మందుల షాపులో కొనేవి కూడా చూసుకోవాలి. చిగుళ్ల సమస్యకి డాక్టర్లు రాసే క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ మంచి మందే, కానీ అది వాడే రోజుల్లో టీ, కాఫీ తాగితే పళ్లకీ ఫిల్లింగులకీ గోధుమ మరకలు పడతాయి. చెప్పినన్ని రోజులే వాడండి, సొంతంగా నెలల తరబడి సాగించకండి, పుక్కిలించిన వెంటనే టీ గ్లాసు పట్టుకోకండి. ఐరన్ టానిక్ సిరప్ తాగే పిల్లలకి, గర్భిణులకి కూడా పళ్లు నల్లబడతాయి, అది స్ట్రాతో తాగించి నీళ్లు పుక్కిలింపచేస్తే సరిపోతుంది.

నున్నగా ఉంచుకోవడం

మరక చూసి మనం చేసే మొదటి పని గట్టిగా తోమడం. నేనూ అదే చేశాను. ఉప్పు, బొగ్గు పొడి, చార్‌కోల్ పేస్టు, వంటసోడా మీద నిమ్మరసం పిండి రుద్దడం, ఇవన్నీ ఆ రోజుకి తెల్లగా చూపిస్తాయి, కానీ కాంపోజిట్‌లో మెత్తటి రెసిన్ అరిగి గాజు రేణువులు పైకి తేలి పైభాగం గరుకవుతుంది. గరుకుదనం 0.2 మైక్రాన్లు దాటితే పాచి కూడా ఎక్కువగా పేరుకుంటుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు, అంటే కంటికి కనపడని గీతలే చాలు. వచ్చే వారం మరక ఇంకా త్వరగా పడుతుంది, ఇంకా గట్టిగా తోముతాం, అలా సాగుతుంది. మెత్తటి బ్రష్, మామూలు ఫ్లోరైడ్ పేస్టు, రోజుకి రెండుసార్లు, అంచుల దగ్గర పళ్ల సందులు శుభ్రం చేసే దారం (ఫ్లాస్). అంతకు మించి ఇంట్లో చేయగలిగింది లేదు.

వైటెనింగ్ చేయించుకుంటే ఫిల్లింగు కూడా తెల్లబడుతుందని అనుకుంటారు. వైటెనింగ్‌లో వాడే పెరాక్సైడ్ అనే రసాయనం పని చేసేది పంటి మీద. ఫిల్లింగు అసలు రంగు మారదు. పళ్లన్నీ తెల్లబడి ఫిల్లింగు ఒక్కటే పాత రంగులో మిగిలి ఇంకా ఎక్కువ కనపడుతుంది.

మరక పడిందా, ఇంకేమైనానా

ముందు పగటి వెలుతురులో కిటికీ దగ్గర నిలబడి, పన్నుని టిష్యూతో తుడిచి, ఫోన్‌తో దగ్గరగా ఫొటో తీయండి. ఆరు నెలలకోసారి అదే కిటికీ దగ్గర, అదే వేళకి తీస్తే మార్పు తెలుస్తుంది, రాత్రి ట్యూబ్‌లైటు కింద తీసింది ఎందుకూ పనికిరాదు. ఫిల్లింగు అంతా పైపైన మచ్చలుగా ఉండి నాలుకకి గరుకుగా తగిలితే అది పై మరక, పాలిషింగుతో పోతుంది. పైన నున్నగానే ఉండి మొత్తం ఒకే తీరుగా ముదురు పసుపు అయితే లోపలి రెసిన్ ఏళ్ల మీద మారిన రంగు, పాలిష్ పెద్దగా సాయం చేయదు. అంచు వెంట గీత ఉంటే జాగ్రత్తగా చూడాలి. గీత మాత్రమే అయితే చాలావరకు మరకే, నాది అదే. దారం అక్కడ చిక్కుకుని పీచులు పీచులుగా తెగుతున్నా, అంచు పక్కన పంటి లోపల నుంచి నీడలా నలుపు కనపడుతున్నా, చల్లటివి తాగితే జివ్వుమంటున్నా, కిందికి పుచ్చు పోతుండొచ్చు, ఆ వారంలోనే చూపించుకోండి.

డాక్టరు దగ్గర మొదట అడగాల్సింది పాలిష్ సరిపోతుందా అని. గరుకు నుంచి నునుపు వరకు వరసగా మూడు నాలుగు రకాల డిస్కులతో తిప్పి పేస్టుతో ముగిస్తారు, నొప్పి ఉండదు, మత్తు అక్కర్లేదు. అంచులో చిన్న సందు ఉంటే అంతవరకే తీసి కొత్త కాంపోజిట్ అతికించడం కూడా కుదురుతుంది. మొత్తం తీసినప్పుడల్లా దానితో పాటు కొంత మంచి పన్ను కూడా పోతుంది, ప్రతిసారీ గుంట పెద్దదవుతుంది, కాబట్టి రంగు ఒక్కదాని కోసం తీయించడాన్ని చివరి మాటగా పెట్టుకోండి. ఖర్చుకి వెనకాడేవాళ్లకి రుషికొండ వైపు, తగరపువలస వైపు డెంటల్ కాలేజీలు ఉన్నాయి, కొంచెం ఓపిక పట్టి కూర్చుంటే అక్కడా ఈ పనులన్నీ చేస్తారు.

ఒకవేళ మార్చక తప్పకపోతే, రంగు ఎంచేటప్పుడు పన్ను తడిగా ఉండగానే, పని మొదలుపెట్టక ముందే, వీలైతే పగటి వెలుతురులో ఎంచమనండి. లిప్‌స్టిక్ ఉంటే తుడుచుకుని వెళ్లండి, పక్కన ఎర్రటి రంగు ఉంటే కన్ను మోసపోతుంది. పాలిష్ బాగా నిలిచే రకం కాంపోజిట్ వేయమని అడగొచ్చు, సన్నటి రేణువులు ఉన్నవి ఎక్కువకాలం నున్నగా ఉంటాయి. వైటెనింగ్ ఆలోచన ఉంటే అది ముందు చేయించుకుని, రెండు వారాలు ఆగి, అప్పుడు ఫిల్లింగు వేయించుకోండి, ఎందుకంటే వైటెనింగ్ అయిన కొత్తలో పంటిలో మిగిలిన ఆక్సిజన్ వల్ల ఫిల్లింగు గట్టిగా అతుక్కోదు, పంటి రంగు కూడా అప్పటికి ఒక చోట నిలబడదు.